హైవే ఎక్కితే సముద్రం కనబడదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు సముద్రం చుట్టూనే తిరిగాయి కాబట్టి వాటన్నిటినీ ఒకచోట పెట్టాం. చలికాలం కదా, అందరికీ కారు తీయాలనే ఉంది.

ప్రశ్న: మాది బరంపురం. విశాఖ వెళ్లాలంటే మాకు ఎప్పుడూ రైలే. ఈసారి సంక్రాంతి అయ్యాక మా కారులో సముద్రం పక్కనుంచే వెళ్దామని పిల్లలు పట్టుబట్టారు. రెండు రోజులు, మధ్యలో ఒక రాత్రి. ఫోన్‌లో చూస్తే ఐదారు గంటల ప్రయాణమే అంటోంది. ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్‌లన్నీ చూసేయొచ్చా? మా అమ్మ కూడా వస్తోంది, తనకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు.

జవాబు: చూసేయొచ్చు అని రాస్తే విశాఖ చేరేసరికి మీరూ మీ ఆవిడా కలిసి మమ్మల్ని తిట్టుకుంటారు. బరంపురం నుంచి విశాఖకు సుమారు 270 కిలోమీటర్లు. 16వ నంబరు జాతీయ రహదారి, మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఎన్‌హెచ్ ఫైవ్ అనే అంటారు, మ్యాప్‌లో తీరాన్ని ఆనుకుని పోతున్నట్టే ఉంటుంది. తీరా దాని మీదకి ఎక్కితే కనబడేవి లారీలు, టోల్‌గేట్లు, పడమటి వైపు కొండలు, తాటిచెట్లు. సముద్రం మాత్రం కనబడదు, ఎడమవైపు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఎక్కడో ఉంటుంది.

దీనికి కారణం నదులు. బాహుదా సోనాపూర్ దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర, గోస్తనీ భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి. మొగల దగ్గర నీళ్లు విడిపోయి, ఇసుక మేటలు వేసి, ఉప్పుటేళ్లు తయారై నేల నిలకడగా ఉండదు, అందుకే పెద్ద రోడ్డు ఎప్పుడూ కాస్త లోపలికి జరిగి, నది ఒక పాయగా ఉన్నచోట వంతెన వేసుకుని పోతుంది. దీనివల్ల మీకు తేలేదేమిటంటే, ప్రతి బీచ్‌కీ హైవే మీదనుంచి ఎడమకు తిరిగి వెళ్లడం, మళ్లీ వెనక్కి రావడం తప్పదు. చిన్న రోడ్లు, ఊళ్ల మధ్యలో గేదెలు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, పిల్లలు నీళ్ల దగ్గర్నుంచి కదలకపోవడం, అన్నీ కలిపి ఒక్కో మలుపుకి రానుపోను ఎంత లేదన్నా గంటన్నర, రెండు గంటలు పోతాయి. ఆరు బీచ్‌లు పెట్టుకుంటే రోజంతా హైవే ఎక్కడం దిగడంతోనే సరి.

అందుకని మూడే పెట్టుకోండి: బారువ, కళింగపట్నం, భీమిలి. ఈ మూడే ఎందుకంటే ఇవన్నీ ఒకప్పటి రేవులు. మీ గోపాల్‌పూర్ లాగే బ్రిటిష్ కాలంలో ఇక్కడా ఓడలు ఆగేవి, ఆ రోజుల్లో రంగం, అంటే బర్మాలోని రంగూన్ పోయినవాళ్ల కథలు గంజాం జిల్లాలో చాలా ఇళ్లలో వినే ఉంటారు. 1933లో విశాఖలో పెద్ద ఓడరేవు మొదలయ్యాక, రైలు ఎటూ ఉండనే ఉంది, చిన్న రేవులకి పని తగ్గిపోయింది. లైట్‌హౌసులు, ఆ వీధులు, కొన్ని పాత కట్టడాలు మిగిలాయి. ఉత్త ఇసుక ఎక్కడైనా ఉంటుంది, వీటిలో చూడటానికి ఇంకేదో కూడా ఉంటుంది. గోపాల్‌పూర్‌కి ఏ ఆదివారమైనా పోతారు కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు.

మొదటి రోజు బేగి బయల్దేరండి, ఐదున్నర దాటనీయకండి. జనవరిలో పొగమంచు ఉంటే లైట్లు వేసుకుని నెమ్మదిగా పోవాలి, లారీ వెనకే అతుక్కుపోకూడదు. ఇచ్ఛాపురం దాటాక తొందర లేకపోతే హైవే వదిలేసి కవిటి మీదుగా సోంపేట పోయే లోపలి దారి పట్టండి, ఈ మొత్తం ప్రయాణంలో అందరూ వదిలేసే మంచి ముక్క ఇదే. అదే ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస, మధ్యలో మునగ, ఇళ్లు కూడా తోటల్లోనే. పేపర్లో ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బుల వార్తలే చదువుతుంటాం గానీ ఆ ప్రాంతం ఎంత పచ్చగా ఉంటుందో ఎవరూ రాయరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది, అప్పుడు పడిపోయిన కొబ్బరిచెట్ల లెక్క తలుచుకుని రైతులు ఇప్పటికీ బాధపడతారు, కొత్తగా వేసిన మొక్కలు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది మరి. దారిలో బొండాలు తాగండి.

బారువలో పొద్దున్నే ఉండటం ముఖ్యం. మన తీరం తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, అందులోకి దిగడు. గోవాలో సూర్యాస్తమయం ఫోటోలు చూసి సాయంత్రానికి బీచ్ ప్లాన్ చేసుకునేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు, సాయంత్రం ఇక్కడ సూర్యుడు మీ వీపు వెనక కొండల్లోకి పోతాడు. సాయంత్రం చల్లగాలి బాగుంటుంది, కాదనం, కానీ చూడాల్సింది మాత్రం ఉదయమే. పడవలు ఒడ్డుకి వచ్చి వలలు విదిలించేది కూడా ఆ వేళలోనే. అమ్మగారికి ఇసుకలో నడక కష్టం కాబట్టి కారులో ఒక మడత కుర్చీ వేసుకోండి, బీచ్‌కి ఎంత దగ్గరదాకా కారు పోతే అంతదాకా తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టండి.

పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దించకండి, దీని మీద బేరాలు లేవు. మన తీరంలో చాలాచోట్ల నాలుగడుగులు వేయగానే లోతు వచ్చేస్తుంది, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. నదీ మొగల దగ్గర ఇంకా ప్రమాదం, పైకి నిలకడగా కనబడే నీళ్లలోనే లోపల లాగుడు ఉంటుంది. తడవాలని గొడవ చేస్తే విశాఖలో రుషికొండ దాకా ఆగమనండి. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉంటారు, వాళ్లు చూపించిన చోటే దిగాలి.

మళ్లీ హైవే ఎక్కి పలాస. జీడిపప్పు కొనకుండా ఎవరూ రారు కాబట్టి ఒక మాట. గుండ్లు, బద్దలు, ముక్కలు అని వేరు చేసి అమ్ముతారు, ధర దాన్నిబట్టే. పాయసంలోకి, ఉప్మాలోకి బద్దలు చాలు, చుట్టాలకి పంచడానికి మాత్రం గుండ్లు. ప్యాక్ చేసి ఉన్నది కాకుండా ఒకటి నోట్లో వేసుకుని చూసి కొనండి, మెత్తబడి ఉంటే వద్దు.

అక్కణ్ణుంచి టెక్కలి, నరసన్నపేట మీదుగా ఆగకుండా వంశధార వంతెన దాటేయండి. దాటాక శ్రీకాకుళం చేరకముందే ఎడమకు తిరిగితే గార మండలం, కళింగపట్నం, శ్రీకూర్మం రెండూ అందులోనే. కళింగపట్నంలో లైట్‌హౌసు, వంశధార మొగ చూసుకుని శ్రీకూర్మం వెళ్లండి. కూర్మావతారానికి ఉన్న అరుదైన గుడి, స్వామి పడమటి ముఖంగా ఉండటంతో ముందొకటి వెనకొకటి రెండు ధ్వజస్తంభాలు ఉంటాయి. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లని చూపిస్తే పిల్లలు దేవుణ్ణి కూడా మర్చిపోతారు. అమ్మగారికి ఎక్కువ మెట్లు ఎక్కే పని లేదు. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు, ఆ టైముకి పోయి బయట కూర్చోవద్దు, ముందు కళింగపట్నం, తర్వాత గుడి. రాత్రికి శ్రీకాకుళంలో గది తీసుకోండి, అక్కడికి కొద్ది దూరమే.

రెండో రోజు ఉదయం అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం ఎలాగూ పెట్టుకుంటారు, అయితే ఆదివారం కాకుండా చూసుకోండి. ఇంకోటి, సంక్రాంతి తర్వాత అన్నారు కదా, రథసప్తమి ఎప్పుడు పడిందో పంచాంగం చూసుకున్నాకే గది బుక్ చేయండి. ఆ రెండు రోజులు శ్రీకాకుళంలో కాలు పెట్టడానికి చోటుండదు. అలాగే పండగ అయిన వెంటనే బయల్దేరితే సొంతూళ్ల నుంచి విశాఖ, హైదరాబాద్ తిరిగిపోయే కార్లన్నీ మీతోనే ఉంటాయి. ఒక వారం ఆగండి.

శ్రీకాకుళం నుంచి తగరపువలస వరకు హైవే మీద కబుర్లు చెప్పుకుంటూ పోవడమే, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. తగరపువలసలో ఎడమకు తిరిగి భీమిలి చేరాక అసలు రోడ్డు మొదలవుతుంది. ఈ 270 కిలోమీటర్లలో సముద్రం నిజంగా పక్కనే నడిచేది ఈ భీమిలి-విశాఖ రోడ్డు మీదే, పాతిక ముప్ఫై కిలోమీటర్లు. ఈ ముక్క కోసమే మిగతా ప్రయాణం అనుకున్నా తప్పులేదు. భీమిలిలో మధ్యాహ్నం భోజనం చేసి, డచ్చివాళ్ల సమాధులు చూసి, మూడింటికి బయల్దేరండి. అప్పటికి ఎండ కొండల వైపు నుంచి పడుతుంది, నీళ్ల రంగు తేటగా తెలుస్తుంది. విశాఖ వైపు పోతుంటే సముద్రం ఎడమవైపే, అమ్మగారిని ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టండి, వెనక ఎడమ కిటికీ కోసం పిల్లల మధ్య జరిగే యుద్ధం మీరే తేల్చుకోవాలి.

దారిలో ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, సముద్రమూ, వానా కలిసి వేల ఏళ్లలో తయారుచేసిన ఎర్ర ఇసుక గుట్టలు, వాన నీటికి కోసుకుపోయి లోయల్లా ఉంటాయి. లోపలికి నడవాలంటే ఇసుకే, అమ్మగారు రోడ్డు దగ్గరే ఉండాలి. పిల్లల్ని గట్ల అంచులెక్కి తొక్కనీయకండి, ఒకసారి విరిగితే అది మళ్లీ తయారు కాదు. ఆ తర్వాత తొట్లకొండ, కొండ పైదాకా కారు పోతుంది, బౌద్ధ విహారం శిథిలాలు, పైనుంచి కింద సముద్రం. అమ్మగారికి ఈ మొత్తం ప్రయాణంలో కష్టపడకుండా దొరికే పెద్ద దృశ్యం అదే. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం పిల్లలకి బాగా నచ్చుతుంది గానీ లోపల ఇరుకు దారులు, గడపలు, మోకాళ్ల నొప్పులకి అది కుదరదు, పిల్లలు చూసొచ్చేదాకా అమ్మగారూ మీరూ బయట మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చోండి.

తిరుగు ప్రయాణంలో ఏదీ పెట్టుకోకండి, హైవే మీద నేరుగా ఇంటికి రావడమే. అమ్మగారికి విశాఖలో రైలు ఎక్కడం సుఖమనిపిస్తే అదీ మంచి ఆలోచనే. పెట్రోలు మాత్రం బరంపురంలోనే ట్యాంకు నిండా కొట్టించుకోండి, ఇచ్ఛాపురం దాటితే రేటు ఎక్కువ. సొంత కారుకి రాష్ట్రం దాటడానికి ఇబ్బంది లేదు, టాక్సీ మాట్లాడుకుంటే పర్మిట్, టాక్సు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి, బోర్డరు దగ్గర ఆ వాదన పెట్టుకుంటే ఉదయం బారువ పోయినట్టే.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక్క రోజులో సముద్రం చూసి రావాలి. మా నాన్నగారు రిటైరైన మాస్టారు, ఉత్త బీచ్ అంటే రానంటారు, చరిత్ర ఉంటేనే కదులుతారు. ఏదైనా దారి చెప్పండి.

జవాబు: మీ నాన్నగారి కోసమే పుట్టిన దారి ఒకటుంది, వంశధార వెంట కిందికి దిగడం. పాతపట్నం మీదుగా ముందు శ్రీముఖలింగం వెళ్లండి. తూర్పు గాంగులు కళింగనగరం అని పిలుచుకున్న రాజధాని అదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ వంశంలోని అనంతవర్మ చోడగంగే తర్వాత పూరీ జగన్నాథుడి పెద్దగుడికి పూనుకున్నాడు. మధుకేశ్వరుడి గుడి గోడల మీద శిల్పాలు, శాసనాలు చూస్తూ మీ నాన్నగారు గంటలు గంటలు నిలబడిపోతే కంగారు పడకండి, తీరుబడిగానే చూడనివ్వండి.

అక్కణ్ణుంచి నరసన్నపేట వచ్చి, నది దాటి, శాలిహుండం. కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, కింద వంశధార, అవతల దూరంగా సముద్రపు గీత. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం ఆయన చేసిన పనంతా మీ పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న రోజుల్లో మొదలైందే కాబట్టి, ఈ సంగతి మీరు చెప్పకుండా మీ నాన్నగారి చేతే చెప్పించుకోండి, కొండెక్కే అలసట కూడా తెలియదు. పూర్తి ఎండలో ఎక్కొద్దు, నీళ్లు వెంట తీసుకెళ్లండి, పైన కొట్లు ఉంటాయని నమ్ముకోవద్దు. అది దిగితే కళింగపట్నం పక్కనే, నది సముద్రంలో కలిసేచోట రోజు పూర్తవుతుంది.

ఇంటికి టెక్కలి మీదుగా వచ్చేట్టయితే, చలికాలం కాబట్టి, వెలుగుండగానే తేలినీలాపురం తొంగిచూడండి. గూడబాతులు, రంగు కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి, ఊరివాళ్లు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. పక్కనే నౌపడ ఉప్పు మడులు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఒక్కరోజులో పట్టకపోతే పక్షుల్ని ఇంకో ఆదివారానికి ఉంచుకోండి, శ్రీముఖలింగంలో టైము మాత్రం తగ్గించకండి.

ప్రశ్న: పెళ్లయి కొత్త. బరంపురం నుంచి పూరీకి చిల్కా మీదుగా కారుని పడవెక్కించి పోవచ్చని మా బావగారు అంటున్నారు. మా మామగారేమో అదంతా రిస్కు, భువనేశ్వర్ మీదుగానే పొమ్మంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇంట్లో గొడవల్లోకి మమ్మల్ని లాగకండి. దారి సంగతి వరకు మీ బావగారు చెప్పింది నిజమే. ఛత్రపురం, గంజాం దాటాక హుమ్మ దగ్గర హైవే వదిలి పాలూరు, కృష్ణప్రసాద్ మీదుగా జన్హికుడ చేరితే అక్కడ కార్లనీ బళ్లనీ ఎక్కించుకునే పెద్ద పడవ ఉంది, అది అవతల సాతపడలో దింపుతుంది, అక్కణ్ణుంచి బ్రహ్మగిరి మీదుగా పూరీ ఇంకో 50 కిలోమీటర్లు. ఎడమవైపు చిల్కా, కుడివైపు ఇసుక తిన్నెలు, వాటి అవతల సముద్రం. రెండు నీళ్ల మధ్య సన్నటి నేల మీద పోవడం ఇంకెక్కడా దొరకదు. భువనేశ్వర్ తిరిగి పోవడం కంటే దూరం కూడా బాగా తగ్గుతుంది.

మీ మామగారి భయం కూడా ఉత్తదేం కాదు. ఈ పడవకి వేళలుంటాయి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, సెలవు రోజుల్లో క్యూ ఉంటుంది. పోయే ముందురోజు ఫోన్ చేసి కనుక్కుని, మధ్యాహ్నానికి ముందే రేవు చేరేట్టు బయల్దేరండి. దారిలో రోడ్డు సన్నం, బళ్లు బాగుచేసే షాపులు తక్కువ, స్టెప్నీ టైరులో గాలి చూసుకోండి. వానాకాలంలోనూ, అక్టోబరులోనూ అయితే మామగారి మాటే వినండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర, రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. తిత్లీ కూడా 2018లో అక్టోబరు 11నే. దసరా సెలవులు ఇంచుమించు అప్పుడే వస్తాయి, గదులు ముందే బుక్ చేసి తర్వాత టెన్షన్ పడేవాళ్లలో మీరు చేరొద్దు.

సాతపడలో ఇరావడీ డాల్ఫిన్లని చూపించే పడవలుంటాయి. సినిమాల్లోలా గాల్లోకి ఎగిరి గంతులేస్తాయనుకోకండి, గుండ్రటి తల ఒకసారి, వీపు ఒకసారి కనబడి మాయమవుతాయి. వాటి వెంట ఇంజను వేసుకుని తరమొద్దని, కాస్త దూరంలో ఇంజను ఆపి ఉండమని పడవాయనకి ముందే చెప్పండి. సముద్రపు ముఖద్వారం దగ్గర దింపినప్పుడు ఎవరో వచ్చి మీ కళ్లముందే చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపిస్తారు, పగడం అంటారు, ఇంకేదో రాయి అంటారు. కొత్త పెళ్లికూతురికి కొనిపెట్టాలనే సరదా అక్కడ మాత్రం తీర్చుకోకండి.

ప్రశ్న: రాయగడ నుంచి. రుషికుల్య దగ్గర వేల తాబేళ్లు ఒకేసారి గుడ్లు పెడతాయని టీవీలో చూశాం. మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్దామని ఉంది. ఏ తేదీకి వెళ్లాలి?

జవాబు: తేదీ అంటూ ఉండదు మాస్టారూ. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి, కొన్ని ఏళ్లు మందగా రాకుండా మొహం చాటేస్తాయి కూడా. గాలి దిక్కు మారాలి, ఇసుక వాటికి నచ్చాలి, అప్పటిదాకా తీరానికి దగ్గర్లోనే ఆగి ఉంటాయి. వచ్చేది ఎక్కువగా రాత్రిపూట, అటవీశాఖ వాళ్లు కాపలా ఉంటారు, ఎవరినీ ఇష్టమొచ్చినట్టు లోపలికి పోనివ్వరు. బస్సెడు పిల్లల్ని చీకట్లో అక్కడ దించడం మీకూ కష్టం, తాబేళ్లకీ కష్టం.

అంతకంటే గుడ్లు పెట్టిన ఒకటిన్నర నెలకి తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజులు చూసుకోండి. గుప్పెట్లో పట్టేంత ఉండే ఆ తాబేళ్లు ఇసుకలోంచి పైకొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి, అది సముద్రమే అనుకుంటాయి. టార్చి వేసినా, ఫోన్ ఫ్లాష్ కొట్టినా, బస్సు లైట్లు వెలిగినా దారితప్పి రోడ్డు వైపు వచ్చేస్తాయి. కాబట్టి ముందు బరంపురంలోని అటవీశాఖ ఆఫీసుకి స్కూలు తరఫున ఒక ఉత్తరం రాసి, ఎప్పుడు, ఎంతమందిని రానిస్తారో కనుక్కోండి. వాళ్లు సరేనంటేనే బస్సు మాట్లాడండి, అడ్వాన్సు కూడా ఆ తర్వాతే ఇవ్వండి.